గుత్తకు పోయిన బావి

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దిక్కు పోతుంటే బొంబాయి రోడ్డు పక్కనే దావీదు మామిడితోట ఉండేది. రెండెకరాలు. కాపు ఏటికేడు తగ్గుతున్నా నీడకు మాత్రం లోటు లేదు. అయితే ఆ తోటకు విలువ చెట్ల వల్ల రాలేదు, బావి వల్ల వచ్చింది. డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడు శివరాత్రి రాకముందే చుట్టుపక్కల బావులన్నీ అడుగంటాయి. దావీదు బావిలో మాత్రం ఇంకా నీళ్లున్నాయి. ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దెక్కేసరికి అయిపోయేవి. మళ్లీ సాయంత్రానికి కొంచెం ఊరేవి.

దావీదు భార్య సుకుమారి మిషను బడిలో టీచరు. బడికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బావిలోకి తొంగిచూడటం ఆమెకు అలవాటైపోయింది. కొప్పు సరిగ్గా ఉందో లేదో చూసుకోకుండా బడికి పోయిన రోజులున్నాయి గాని, బావి చూడకుండా పోయిన రోజు లేదు. వానలు పడేదాకా ఆ నీళ్లు ఆగాలి. తన ఇంటికొక్కదానికే అయితే ఆమె అంత గుబులు పడేది కాదు. రోడ్డుకు అవతలి వాడకంతా ఆ బావే దిక్కు.

వాడ ఆడవాళ్లు బిందెలతో వచ్చి చేదుకుని పోతుంటే ఎవరూ ఎందుకని అడగరు. అడిగే హక్కు లేదు కూడా. దావీదు తండ్రి ఆ బావి తవ్వించినప్పుడు నడుమ బండ పడింది. కూలీలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన దగ్గర పైసలూ అయిపోయాయి. వాడకు చెందిన పెంటయ్య ఒక్కడే గడ్డపార పట్టుకుని ఆ ఎండాకాలమంతా బండతో కొట్లాడాడు. చివరికి జల పడ్డాక కూలి లెక్క వచ్చింది. సగం కూలి చాలు, మిగిలిన సగానికి మా వాడ కడవలకు ఎన్నడూ అడ్డం రావద్దు, అంతే అన్నాడట పెంటయ్య. పెద్దాయన సరేనని బావి గట్టు మీదనే ప్రార్థన చేశాడు. కాగితం రాసుకోలేదు, రాసుకోవాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పెద్దాయనా లేడు, పెంటయ్యా లేడు. పెంటయ్య పెండ్లాం సత్తెమ్మ ఉంది. తెల్లారగానే మొదటి బిందె ఆమెదే.

ఇటువంటి కరువు ఏట్లో, మార్చి నెలలో, ఎనిమిది వ్యానులు వచ్చి తోట ముందు ఆగాయి.

మావైపు ఇల్లు వెంటేసుకుని తిరిగేది నత్త ఒక్కటే అనుకునేవాళ్లం. ఈ వ్యానుల్లో పరుపులున్నాయి, పొయ్యి ఉంది, కిటికీలకు పూలపూల పరదాలున్నాయి. ఇంగ్లండులో ఇట్లా బండ్లల్లో తిరిగేవాళ్లకు ఒక క్లబ్బు ఉందట. ఆ క్లబ్బు వాళ్లే దేశాలు చూస్తూ, బొంబాయి నుంచి హైదరాబాదు మీదుగా మద్రాసు పోతున్నారు. వాళ్లకు పెద్ద దిక్కు మార్గరెట్ అనే నడివయసు దొరసాని. ఎక్కడ బస చేసినా అక్కడి నీడ ఎట్లా ఉంది, నీళ్లు ఎట్లా ఉన్నాయి, ఇచ్చిన పైసలకు తగ్గట్టు ఉందా లేదా అని ఆమె రాసుకుంటుంది. బాగుందని రాస్తే అది క్లబ్బు పుస్తకంలో అచ్చవుతుంది. ఆ తరువాత ఈ దారిన పోయే క్లబ్బు బండి ప్రతిదీ అక్కడే ఆగుతుంది.

ఈ మాట చెవినపడ్డ దగ్గర్నుంచి దావీదు కాలు నేల మీద నిలవలేదు. బీరంగూడ దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసి చేసి అతనికి మర బోల్టులు కలలోకి వస్తున్నాయి. ఏటా చలికాలంలో ఇరవై వ్యానులు తోటలో దిగితే ఆ నౌకరీ ఎవడికి కావాలి అనుకున్నాడు. అతని తల్లి సౌభాగ్యమ్మకు మాత్రం మొదట్లో ఇది నచ్చలేదు. తెల్లతోలు మనుషులంటే ఆమెకు తెలిసింది దవాఖాన డాక్టరమ్మలు, గుడికట్టిన దొరలు. వాళ్ల దగ్గర కిరాయి తీసుకోవడమేంటని సణిగింది. వీళ్లు మిషను వాళ్లు కాదమ్మా, షికారుకొచ్చినోళ్లని కొడుకు నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

బేరం విచిత్రంగా జరిగింది. దావీదు ఒక్కో వ్యానుకు రాత్రికి మూడు రూపాయలు చెప్పాడు. రెండుకు తెగుతుందని అతని లెక్క. చెప్పిన ధరకే ఒప్పుకునేవాణ్ణి సంగారెడ్డి అంగట్లో పిచ్చోడంటారు. మార్గరెట్ ధర సంగతి ఎత్తలేదు. క్లబ్బు వాళ్లకు పదో వంతు తగ్గింపు ఎక్కడైనా ఉంటుంది, ఇక్కడా ఉందా అని మాత్రం అడిగింది. దావీదు నోరు తెరిచి, ఉంది అన్నాడు. రెండు దాకా దిగడానికి సిద్ధపడ్డ మనిషి పదో వంతు దగ్గర ఆగిపోయేసరికి, గెలిచాడో మోసపోయాడో అతనికే అర్థం కాలేదు.

తరువాత ఆమె ఇంకో మాట అడిగింది. ఈ ధరలో ఏమేం వస్తాయి, దేనికి వేరే ఇవ్వాలి, అదంతా ఒక పలక మీద రాసి పెట్టమంది. ఇంగ్లీషు రాయవలసింది సుకుమారే. బడి నుంచి పాత నల్లబల్ల తెచ్చి, మామిడి మొదలుకు ఆనించి, సుద్దముక్కతో రాసింది. నీడకు ఇంత, కట్టెలకు ఇంత, పాలకు, గుడ్లకు, కావలికి ఇంత. నీళ్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

వరండాలో మంచం మీద పడుకున్న సౌభాగ్యమ్మకు చూపు ఆనదు గాని, చెవులు మాత్రం పాము చెవులు. సుద్దముక్క చప్పుడు ఆగడం ఆమెకు వినబడింది.

"నీళ్లకు ధర కట్టకు బిడ్డా. ధర కడితే బావి కండ్లు మూసుకుంటది," అంది.

అత్త చెప్పకపోయినా సుకుమారి కట్టేది కాదు. దప్పికకు వచ్చినవాడి చేతిలో నీళ్లు పోసి పైసలు అడిగిన మనిషి ఆ చుట్టుపక్కల పుట్టలేదు. నీళ్లు ఉచితం అని రాసింది. మార్గరెట్ అది చదివి మురిసిపోయి, మిగతా వాళ్లను పిలిచి మరీ చూపించింది. నీళ్లు ఇట్లా ఊరికే ఇచ్చే చోటు దారిలో ఇంకెక్కడా తగల్లేదట. ఆ సంతోషం చూసి సుకుమారి కూడా సంతోషపడింది, పిచ్చితల్లి.

రెండు రాత్రులుండి పోతామని దిగినవాళ్లు. రెండో రోజు పటాన్‌చెరు అంగడికి పోయొస్తుంటే ఒక వ్యాను ఇరుసు విరిగింది. కొత్త ఇరుసు బొంబాయి నుంచి లారీలో రావాలి, వచ్చేదాకా అందరం ఇక్కడే అన్నారు. దావీదు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి లోపల్లోపల పండగ చేసుకున్నాడు. సుకుమారి పోయి బావిలోకి చూసి వచ్చింది.

అప్పటికే వాళ్లు వ్యానులు కడగడం మొదలుపెట్టారు. బొంబాయి నుంచి మోసుకొచ్చిన దుమ్మంతా వదిలింది. తరువాత పరదాలు ఉతికారు, పరుపుల గలీబులు ఉతికారు. గుడ్డతో చేసిన తొట్టి ఒకటి ఉంది వాళ్ల దగ్గర, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత. దాన్ని నింపి ఒకరి తరువాత ఒకరు ఎండవేళ అందులో కూర్చునేవాళ్లు, ప్రతి ఒక్కరికీ కొత్త నీళ్లు. చెడ్డవాళ్లని అనడానికి లేదు. ఎదురుపడితే నవ్వేవాళ్లు, చెట్ల ఆకు తెంపేవాళ్లు కారు, కట్టెపుల్లకు కూడా పైసలిచ్చి తీసుకునేవాళ్లు. పలక మీద దేనికి ఎంత రాసి ఉందో చూసుకుని దాన్ని అంత పొదుపుగా వాడేవాళ్లు. నీళ్ల దగ్గర ధర లేదు కాబట్టి పొదుపూ లేదు.

గిరక చప్పుడు ఆగడం మానేసింది. సౌభాగ్యమ్మ మంచం మీద అటూ ఇటూ దొర్లేది. తాడు ఎంత లోతుకు పోతున్నదో ఆమెకు చప్పుడులోనే తెలిసేది. ఇగో, నిన్నటికంటె ఎక్కువసేపు తిరుగుతున్నది, ఇగో, బొక్కెన రాయికి తాకింది అని గొణుగుతుంటే సుకుమారి చేతిలో పని వదిలేసి బావి దాకా పోయి చూసి వచ్చేది. బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నా ఆ గిరక చెవిలో తిరుగుతూనే ఉండేది. ఒకరోజు ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయి, పిల్లలు నవ్వితే అందరినీ నిలబెట్టింది.

వాడ ఆడవాళ్లు తెల్లారి వచ్చేసరికి బావిలో బురదనీళ్లు మిగిలి ఉండేవి. బిందెలు పక్కన పెట్టుకుని, ఊట తేరేదాకా గట్టు మీద కూర్చునేవాళ్లు. సత్తెమ్మ ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. కొంగు నెత్తిన కప్పుకుని, వ్యానుల వంక చూడకుండా, బావిలోకి చూడకుండా, ఊరికే కూర్చునేది. ఎదుటి మనిషి తిడితే తిరిగి తిట్టొచ్చు. సుకుమారికి నోరు తక్కువేం కాదు. కాని ఊరికే కూర్చున్న మనిషిని ఏమని తిడుతుంది.

నీళ్లు తక్కువగా వాడమని వాళ్లకు చెప్పమని మొగుడి మీద పడింది. ఉచితమని రాసింది నువ్వే కదా, రాసిన తరువాత కాదంటే మన మాటకేం విలువ, ఆ మాట కూడా పుస్తకంలో ఎక్కితే మనకేం మొహం అన్నాడు దావీదు. పోనీ తనే చెబుదామని సుకుమారి రెండుసార్లు మార్గరెట్ వ్యాను దాకా పోయింది. ఒకసారి ఆమె చాయ్ ఇచ్చింది, ఇంకోసారి మనవరాలి ఫోటో చూపించింది. ఇంటికొచ్చిన మనిషితో నీళ్లు ముట్టొద్దని చెప్పే మాట కోసం నోట్లో వెతుక్కుని వెతుక్కుని, వాతావరణం గురించి మాట్లాడి తిరిగి వచ్చింది.

చివరికి ఉపాయం దావీదే చెప్పాడు. ధర లేకనే ఈ పాట్లు, ధర పెడితే ఎవడి చెయ్యి వాడే ఆపుకుంటాడు అన్నాడు. సుకుమారి రోజంతా గింజుకుంది. అత్తకు చెప్పలేదు. మరునాడు బడికి పోయే ముందు నల్లబల్ల మీద ఉచితం చెరిపేసి, బొక్కెనకు అర్ధరూపాయి అని రాసింది. అది ధర కాదు, బెదిరింపు. నాలుగు బొక్కెనలంటే ఆడమనిషి రోజు కూలికి పైమాట. అది చూసి ఎవరూ గిరక జోలికి రారని గట్టిగా నమ్మి, చాలా రోజుల తరువాత కాస్త తేలిక మనసుతో బడికి పోయింది.

తిరిగి వచ్చేసరికి గిరక మోగుతూనే ఉంది. ఇంకా జోరుగా మోగుతున్నది.

జరిగింది ఇది. మార్గరెట్ ధర చదివింది, తన దేశపు డబ్బులోకి మార్చి చూసుకుంది, అగ్గువే అనుకుంది. ఎక్కువ బొక్కెనలు ఒక్కసారే తీసుకుంటే ఇంకేమన్నా తగ్గుతుందా అని దావీదును అడిగింది. ఆ ప్రశ్న దావీదుకు వాళ్లొచ్చిన తరువాత అర్థమైన మొదటి మాట. అచ్చం మన అంగడి మాట. ఏటా సంగారెడ్డి పండ్ల బేహారి తోటకొచ్చి, కాయలు పిందెలుగా ఉండగానే, లెక్కా పత్రం లేకుండా ఇంతకు మొత్తం గుత్త అని అడగడం లేదా, తను ఇవ్వడం లేదా. అదే నోటితో, పోయేదాకా ఎన్ని తోడుకున్నా మొత్తం నలభై రూపాయలు అనేశాడు. ఆమె అక్కడికక్కడే ఇచ్చింది. పైసలు కట్టేశాం కదా అని, గుడ్డ తొట్టి రెండోది కూడా బయటికి తీశారు.

సుకుమారి చెప్పులు కూడా విడవలేదు.

"బావిని గుత్తకిచ్చిన్రా మీరు?"

"బావిని ఎందుకిస్త? నీళ్లనిచ్చిన," అన్నాడు దావీదు.

ఆ మాట అన్నాక అతనికీ ఏదో తట్టినట్టుంది, తల పక్కకు తిప్పుకున్నాడు. గుత్త అంటే ఏమిటో మావైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుత్తకిచ్చిన చెట్టు కింద రాలిన కాయ కూడా చెట్టు యజమానిది కాదు. ఒక ఏడు సౌభాగ్యమ్మ తన చేతులతో నీళ్లు పోసి పెంచిన చెట్టు కాయలనే పచ్చడికని గుత్తదారు దగ్గర పైసలు పెట్టి కొనుక్కుంది. అందులో తప్పు ఉందని ఆమె అనుకోలేదు, ఇంకెవరూ అనుకోలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే, గడువు తీరేదాకా గుత్తదారే యజమాని. ఎంత దావీదు తోటయినా, ఎంత అతని బావి అయినా, ఇప్పుడు ఆ గిరక ముట్టాలంటే అతను ఎవరినో అడగాలి. సుకుమారి ఆ సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకుండా పక్కన పెట్టింది, ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. పెంటయ్య సగం కూలి ఆమె గుండెల మీద కూర్చుంది.

మాట రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుంది. తెల్లారి వాడ నుంచి ఒక్క బిందె రాలేదు. గట్టు మీద ఎవరూ కూర్చోలేదు. సుకుమారి వాకిట్లో నిలబడి రోడ్డు వంక చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తున్నా కదల్లేదు. బాగా పొద్దెక్కాక సత్తెమ్మ వచ్చింది, ఒక్కతే, చంకలో ఖాళీ బిందెతో. బావి దిక్కు పోలేదు. తిన్నగా మార్గరెట్ వ్యాను దగ్గరికి పోయి, కొంగు ముడి విప్పి, పది పైసల బిళ్ల అరచేతిలో పెట్టుకుని, ఒక్క బిందె నీళ్లని అడిగి, చెయ్యి ముందుకు చాపి నిలబడింది.

మార్గరెట్ తల ఎత్తింది. ఎండకు మాడిన ముసలి మనిషి, చినిగిన కొంగు, చాపిన చెయ్యి. జాలిగా నవ్వి, సంచీలోంచి పావలా తీసి, ఆ పది పైసల మీద పెట్టింది.

సత్తెమ్మ చేతిని అట్లాగే ఉంచి, రెండు బిళ్లలనూ చూసింది. తరువాత బావి దగ్గరికి నడిచి, రెండింటినీ గట్టు మీద పక్కపక్కన పెట్టి, ఖాళీ బిందె చంకనెత్తుకుని వెనుదిరిగింది. సుకుమారి పరుగున పోయి గేటు దగ్గర అడ్డం నిలిచింది. సత్తెమ్మక్కా అని చెయ్యి పట్టుకోబోయింది.

"గుత్తదారును అడిగిన టీచరమ్మా. ఆమెకు నా మాట తెల్వలే," అని సత్తెమ్మ పక్కనుంచి తప్పుకుని పోయింది.

గొంతులో కోపం లేదు. నీళ్లు దొరకలేదు, అంతే, ఇంకోచోట చూసుకోవాలి అన్నట్టుంది. సుకుమారి ఇంట్లోకి పోయి, కొయ్యకు వేలాడుతున్న దావీదు అంగీ జేబులో చెయ్యి పెట్టి నలభై రూపాయలూ తీసింది. గుత్త పైసలు వాపసు ఇస్తే మర్యాద కాదు, పుస్తకం సంగతి ఏమవుతుంది అని దావీదు వెంటపడ్డాడు. ఆమె తిరిగి చూసిన చూపుకు గడప దగ్గరే ఆగిపోయాడు.

నోట్లు చేతిలో పెడితే మార్గరెట్ ఆశ్చర్యపోయి, మళ్లీ తగ్గింపా అని అడిగింది. ఇప్పటికే చాలా తగ్గించారు, ఇంత వద్దు అంది. సుకుమారి దొరసాని మణికట్టు పట్టుకుని, బడిలో అల్లరి పిల్లను నడిపించినట్టు నడిపించి, బావి గట్టుకు తెచ్చి, లోపలికి చూడమంది. ఇన్ని రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా లోపలికి చూడలేదు. తాడు వదిలితే బొక్కెన నిండి వస్తున్నది, చూడవలసిన పని ఏముంది. ఇప్పుడు చూసింది. అడుగున బండ పగులులో, పొయ్యి మీది గిన్నెడంత బురద మెరుస్తున్నది. రోడ్డు అవతలి ఇండ్లను సుకుమారి చేత్తో చూపించింది. ఆ ముసలామె మొగుడు ఈ బావి తవ్వాడని, ఆమె చాపింది అడుక్కోవడానికి కాదని, నీళ్లు కొనడానికని తన బడి ఇంగ్లీషులో చెప్పింది.

మార్గరెట్ మొహం పాలిపోయింది. మీరు మొదటి రోజే ఎందుకు చెప్పలేదు అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

వాళ్లు మంచి మనుషులే. ఆ పూటే తొట్లు మడిచేశారు. పటాన్‌చెరు నుంచి బండి మీద డ్రమ్ముల్లో నీళ్లు కిరాయికి తెప్పించుకున్నారు. గట్టు మీది పావలాను మార్గరెట్ తనే వెనక్కి తీసుకుంది, ఎవరి వంకా చూడకుండా. పది పైసల బిళ్ల అక్కడే ఉండిపోయింది. నల్లబల్ల మీది రాతనంతా సుకుమారి తడిగుడ్డతో తుడవబోయి, నీళ్లు గుర్తొచ్చి, పొడి కొంగుతోనే తుడిచింది.

ఆ రోజు ఎవరూ గిరక ముట్టలేదు. సాయంత్రానికి ఊట కొంచెం తేరింది. సుకుమారి తనే తోడింది. బొక్కెన బొక్కెనకూ ఆగి, తేటగా వచ్చిన నీళ్లనే బిందెలోకి వడగట్టింది. టీచరమ్మ బిందె చంకనెత్తుకుని బొంబాయి రోడ్డు దాటుతుంటే లారీలవాళ్లు కూడా వింతగా చూశారు. పెండ్లయి వచ్చినప్పటినుంచి ఆమె ఆ వాడలోకి నీళ్లు మోసింది లేదు, ఆ వాడవాళ్లే ఆమె బావికి వచ్చారు. ఏం అంటుందో, తలుపు తీస్తుందో లేదో అనుకుంటూ పోయింది.

సత్తెమ్మ వాకిట్లోనే ఉంది. రా టీచరమ్మా అని పీట వేసింది. సుకుమారి కూర్చోలేదు. ఒక చేత్తో బిందె పట్టుకుని, రెండో చేతి గుప్పిట్లో తెచ్చిన పది పైసల బిళ్లను ముందుకు చాపింది. గుత్త లేదు, ఏం లేదు, వాళ్ల పైసలు వాళ్లకిచ్చేసిన, పొద్దుగాల ఎప్పటోలెనే వచ్చి చేదుకోండి అని గబగబా చెప్పింది.

సత్తెమ్మ బిళ్లను తీసుకుంది. దాన్ని చూసింది, బిందె నిండా తేరిన నీళ్లను చూసింది. కొంగు ముడి మళ్లీ విప్పి, ఇంకో బిళ్ల కోసం వేళ్లతో వెతికింది.

"ఇది సాలదా టీచరమ్మా? మరి ఎంతనో చెప్పు."

ఎత్తిపొడుపు అయినా బాగుండేది. మనిషి నిజంగానే ధర అడుగుతున్నది. సుకుమారి చంకలో బిందె అట్లాగే ఉంది. దించమని సత్తెమ్మ అనలేదు, దించడానికి సుకుమారికి ధైర్యం చాలలేదు.